సిరిసిల్ల డబ్బాలో జాగా

జనవరి 5, సోమవారం

సిరిసిల్ల డబ్బా మళ్ళీ నిండింది. జగిత్యాలలో కొంచెం చోటుంది, కోరుట్లది సగం ఖాళీగా పడి ఉంది. కానీ వచ్చే ప్రతి కంపెనీకీ సిరిసిల్లే కావాలి. పెళ్ళిలో అందరికీ ఫ్యాన్ కింద కుర్చీయే కావాలన్నట్టుంది వీళ్ళ వ్యవహారం.

కోరుట్ల నుంచి అమ్మ ఫోన్ చేసింది. పక్కింటి మొగిలవ్వ "నీ బిడ్డ జగిత్యాలల ఏం నౌకరి జేస్తది" అని అడిగిందట. చెప్పడం రాక "కంప్యూటర్ల" అని ఊరుకుందట.

"కిరాణం దుకాణం ఉంటది గదమ్మా. గిరాకి ఎక్కువున్న సామాను గల్లా పక్కకే పెట్టుకుంటరు, మిగిలింది గోదాంల ఉంటది. మాకు హైదరాబాద్ గోదాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల టవర్ల కింద మూడు డబ్బాలున్నయ్, చిన్న అల్మార్ల లెక్క. ఏ సామాను ఏ అల్మార్ల వెడ్తె ఎక్కువ పైసలత్తయో సూసుడు నా పని."

"గింతేనా? దీనికి గంత సదువెందుకే?"



రోజూ పొద్దున్నే ప్రోగ్రామ్ తనంతట తానే లెక్క వేసుకుంటుంది. తక్కువ సంపాదించే సర్వీసును డబ్బాలోంచి తీసేసి ఎక్కువ సంపాదించేదాన్ని పెడుతుంది. నేను మేకు కొట్టినదాన్ని మాత్రం ముట్టుకోదు. ఆఫీసులో అందరూ పిన్ అంటారు, నాకు మేకు అనే అలవాటైంది. సిరిసిల్లలో నేను కొట్టిన మేకు ఒక్కటే, 'కావలి' అనే సర్వీసుకు. సాంచెల మీద, అంటే బట్ట నేసే మరమగ్గాల మీద, కెమెరా ఉంటుంది. నడుస్తున్న సాంచెలోకి పనివాడి చెయ్యి పోతే కావలి కనిపెట్టి మోటారు ఆపేస్తుంది. అలాంటిది సిరిసిల్లలోనే ఉండాలి. సాగర్ అక్కడ పని చేస్తున్నాడని కాదు.

సరే, సాగర్ కోసం కూడా. నా డైరీలో నాకే అబద్ధమెందుకు? ఒక్కగానొక్క తమ్ముడు.

జనవరి 8

డబ్బాకు కొత్త ఫ్యాన్ బిగించాలని సిరిసిల్ల వెళ్ళి, ఆ వంకతో సాగర్ పనిచేసే లక్ష్మీరాజం సేటు షెడ్డుకు పోయాను. వెళ్ళకపోయినా బాగుండేది.

సాంచెల మోతలో మనిషి మాట మనిషికి వినపడదు. సాగర్ నన్ను చూసి నవ్వి చెయ్యి ఊపాడు. అంతలో వాడి ముందున్న సాంచెలో పోగు తెగింది. పిడి గుంజి ఆపుతాడనుకున్నాను. ఆపలేదు. నడుస్తున్నదాంట్లోకే చెయ్యి పెట్టాడు. సాంచె ఠక్కున ఆగింది. వాడు పోగు అతికి, మీట నొక్కి, ఏమీ జరగనట్టే పక్కదాని దగ్గరకు పోయాడు.

బయటికి పిలిచి తిట్టాను. "పిడి గుంజరాదార? చేతులు బరువైనయా?"

"ఎందుకక్కా, చెయ్యి వెడ్తె అదే ఆగుతది. పిడి గుంజుకుంట కూసుంటె పన్నెండు సాంచెలు ఎప్పుడు నడ్పాలె?"

నిరుడు ఎనిమిదే నడిపేవాడు. కావలి ఉంది కదా అని సేటు మనిషికి పన్నెండు అప్పజెప్పాడట.

పక్క వరుసలో చిన్నయ్య కాక ఉన్నాడు. సాగర్‌కు పని నేర్పింది ఆయనే. చాయ్ గ్లాసు పట్టుకుని మా దగ్గరకు వచ్చాడు. "మొదట్ల నేను నమ్మలే బిడ్డా. ఇప్పుడు నా పెండ్లాం కన్న దాన్నే ఎక్కువ నమ్ముతున్న. మీ మిషిని ఏడుంటదో సూపియ్యి, కొబ్బరికాయ కొడ్త."

"మీ డబ్బాను ఎడ్జ్ అంటరట, అంటె అంచట గదా అక్కా," అని సాగర్ అందుకున్నాడు. "మా సేటు నవ్వుతున్నడు, అంచు చీరెకుండాలె గని కంప్యూటర్‌కెందుకని."

నేనూ నవ్వాను. బస్సెక్కాక నవ్వు పోయింది. షెడ్డులో ఒక్కడికీ చేతుల మీద భయం లేదు, అంతా కావలి మీద వదిలేశారు. జగిత్యాల వచ్చేదాకా అదే ఆలోచన. మేకు ఉంది కదా అని సర్దిచెప్పుకున్నాను.

జనవరి 9

మేకు ఉంది. ఆఫీసుకు రాగానే చూశాను.

జనవరి 12

బంగారక్క పిచ్చి పట్టింది ఊళ్ళకు. బంగారం కుదువ పెట్టుకునే ఒక కంపెనీ పోయిన నెలలో మా డబ్బాల్లో పెట్టించిన మాట్లాడే సర్వీసు అది. ఫోన్‌లో ఎవరు "బంగారం" అని అడిగినా బంగారక్క పలుకుతుంది. అడిగిన ప్రతి ప్రశ్నకూ కంపెనీ మాకు డబ్బులిస్తుంది. మొదట్లో ఈగలు తోలుకుంది. ఇప్పుడు మూడు ఊళ్ళలోనూ గ్రాఫు గీత నిట్టనిలువుగా పైకి పోతోంది, అన్నిటికన్నా సిరిసిల్లలో, వేములవాడ వైపు.

ప్రేమ్‌కుమార్ సార్ నేల మీద లేడు. మా ఆఫీసుకు పెద్ద ఆయనే, పక్కనే బుగ్గారం ఊరి మనిషి. చెడ్డవాడు కాదు, నా పెళ్ళి సంబంధాల గురించి మా అమ్మకన్నా ఎక్కువ విచారిస్తాడు. "ధర పెరిగింది గదా పుష్పా, జనం ఇంట్లున్న బంగారమంత కుదువ వెడ్తున్నరు. దీన్ని సిరిసిల్లల ఇంక పెద్దగ వెట్టు," అన్నాడు.

"జాగ లేదు సార్."

"ఎందుకుండది? సూడు, ఉంటది."

జనవరి 13

సార్ చూశాడు. ఉంది.

"గీ కావలికి పిన్ ఎవ్వలు వెట్టిండ్రు?"

"నేనే సార్."

"ఎందుకు?"

చెప్పొచ్చు. చేతుల సంగతి చెప్పొచ్చు. కానీ గుమ్మడికాయల దొంగ అనకముందే నేను భుజాలు తడుముకున్నాను. పోయిన ఏడాది మా ఆఫీసులో పనిచేసిన శ్రీశైలం తన బామ్మర్ది సర్వీసుకు మేకు కొట్టాడని తెలిసి వారంలో ఇంటికి పంపారు. నా తమ్ముడు ఆ సాంచెల మీదే పని చేస్తాడని సార్‌కు తెలిస్తే నన్నూ ఆ దారిలోనే పంపుతారు. నోటికి వచ్చింది అనేశాను. "టెస్టింగ్ కోసమని పెట్టిన సార్, తీసుడు మర్చిపోయిన."

"తియ్యి మరి. జగిత్యాలల జాగ ఉన్నది గదా, కావలిని గాడ వెట్టు. రెప్పపాటు లేటయితది, గంతేనా?"

"గంతే సార్."

తీసేశాను.

జగిత్యాల నుంచి సిరిసిల్ల ఎంత దూరమని? ఒక కునుకు తీసి లేచేలోపు బస్సు దించేస్తుంది. తీగ మాత్రం బస్సు దారిన పోదు, హైదరాబాద్ పోయి చుట్టు తిరిగి వస్తుంది. అయినా రెప్పపాటే. ఆ రెప్పపాటులో సాంచె ఒక దెబ్బ కొడుతుంది. ఆ లెక్క నాకు తెలుసు, ఇక్కడ రాయదలచుకోలేదు.

ఆఫీసు బయటికి వచ్చి సాగర్‌కు ఫోన్ చేశాను.

"తమ్మీ, రేపటి సంది చెయ్యి వెట్టకు. పిడి గుంజి, ఆగినంకనే పోగు అతుకు."

"ఏమైందక్కా, కావలి కరాబయిందా?"

"కరాబ్ గాలే. కొన్ని దినాలు జర లేటుగ ఆగుతది."

"మరి సేటుకు జెప్పాల్నా? కాకకు?"

"వద్దు. ఎవ్వలకు జెప్పకు. నా నౌకరి వోతది. నువ్వు పైలం, గంతే."

"ఊఁ" అన్నాడు. నా మాట జవదాటడు.

కావలి కంపెనీవాళ్ళకు ప్రోగ్రామే మెయిల్ పంపింది, చోటు మారిందని. ఇంగ్లిష్‌లో. సేట్లకు చెప్పుకునేది వాళ్ళు, నేను కాదు. అది వాళ్ళ పని.

జనవరి 15

ఏమీ కాలేదు.

జనవరి 16

ఏమీ కాలేదు. బంగారక్క నిన్నటికన్నా ఎక్కువ. సార్ అందరికీ బిర్యానీ తెప్పించాడు. నాకు సహించలేదు. ఎండకు అయి ఉంటుంది. జనవరిలో ఎండ ఎక్కడిదే మొద్దూ.

సాగర్‌కు ఫోన్ చేశాను. పిడి గుంజుతున్నాడట. ఆ వరుసలో వాడొక్కడే వెనకబడుతున్నాడని సేటు గొణుగుతున్నాడట. గొణగనీ.

జనవరి 18, ఆదివారం

కోరుట్ల వచ్చాను. అమ్మతో కలిసి చర్చికి పోయాను. పాస్టర్ గారు ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదు. మోకరిల్లి ఒక్కటే అడిగాను, వాడి చేతులు కాపాడమని. వాడి చేతులు అని మాత్రమే అడిగాను.

మధ్యాహ్నం మొగిలవ్వ వచ్చింది. గడప మీద కూర్చుని బీడీల చాట ముందు పెట్టుకుంది.

"సమ్మక్కా, ఎల్లుండి మా మనుమనికి బంగారం తూకం ఏస్తున్నమే. నువ్వైతె రావు, బిడ్డనన్న పంపు."

"మేం గవి ఇడ్సిపెట్టి ఎన్నేండ్లాయె మొగిలీ," అంది అమ్మ, బీడీ ఆకు కత్తిరిస్తూనే.

"పేరేమో సమ్మక్క, జాతర మాటంటెనేమో ముఖం తిప్పుకుంటది!" అని మొగిలవ్వ నా వైపు తిరిగింది. "బిడ్డా, నీ ఫోన్ల అడుగరాదు, బంగారం ఏడ అగ్గువకు దొరుకుతదో? మా పిల్లగాడు అడిగితె అండ్లకెల్లి ఎవ్వతో మాట్లాడుతున్నదట. కుదువ వెట్టు, కుదువ వెట్టు అంటున్నదట. దాని నోట్ల మన్నువడ. బెల్లం ఎవడన్న కుదువ వెడ్తడా?"

అమ్మ పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మేడారం జాతర. నెలాఖరుకే. మనిషిని తక్కెట్లో కూర్చోబెట్టి, ఎత్తుకు ఎత్తు బెల్లం తూచి సమ్మక్క తల్లికి మొక్కు చెల్లిస్తారు. ఆ బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. మేడారం పోయేముందు సిరిసిల్ల పక్కనే ఉన్న వేములవాడ గుడికి పోతారు. అందుకే సిరిసిల్లలో అంత గిరాకీ. ఇది ఈ జిల్లాల్లో చంటిపిల్లకు కూడా తెలుసు.

"నాకు గా పేరు గట్లనే అచ్చింది," అంది అమ్మ నెమ్మదిగా. "మా అవ్వకు పిల్లలు నిలువకుంటె నా ఎత్తు బంగారం మొక్కింది."

మా ఇంట్లో బాప్తిస్మాలు అయ్యాక ఆ మాట ఆ అర్థంలో ఎవరూ వాడలేదు. నాకు బంగారమంటే దుకాణంలో దొరికేదే అయింది. కావలిని నేను బెల్లం కోసం తీసేశాను. తలుచుకుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది.

కానీ మంచిదే. సంపాదన ఉత్తిదని తేలితే మేకు మళ్ళీ కొట్టొచ్చు. రేపే సార్‌కు చెబుతాను.

జనవరి 19

సార్ ముందు కూర్చుని జనం గొంతులు వినిపించాను. బంగారక్కకు వచ్చిన ప్రశ్నల్లోంచి దొరికినవి దొరికినట్టు.

"అరవై కిలోల బంగారం గావాలె, ఇంటికి తెచ్చిత్తరా?"

'మీ బంగారానికి గ్రాముకు మంచి రేటు ఇస్తాము,' అంటుంది బంగారక్క తేనె పూసినట్టు.

"నల్ల బంగారమా, తెల్ల బంగారమా?"

'మీ బంగారం ఎన్ని క్యారెట్లు?'

"పోయినసారి బంగారానికి చీమలు వట్టినయ్, గీసారి మంచిది సూడుండ్రి."

సార్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా. "వారీ! మా ఇంట్ల గూడ మొన్ననే తూకం ఏసిన్రు గదనే! నేనే పోయి బంగారం బస్తాలు మోసుకొచ్చిన. నాకు జరంత సోయి రాలేదు సూడు!"

నవ్వు ఆగాక చెప్పాను. "అందుకే సార్, బంగారక్కను తగ్గించి కావలిని మళ్ళ సిరిసిల్లల వెడ్దం."

"ఎందుకు?"

"ఒక్కలు గూడ కుదువ వెట్టలే గద సార్. వట్టి లెక్క."

"వాళ్ళు పైసలిచ్చేది ప్రశ్నకు పుష్పా, బంగారానికి గాదు. జాతర అయ్యేదాక ఉండనీ. తర్వాత దాని గీత అదే పడ్తది." కళ్ళు తుడుచుకుని అడిగాడు. "కావలికి ఏమన్నయిందా? కంప్లైంట్ అచ్చిందా?"

"లేదు సార్. ఏం గాలే."

"మరింకేంది?"

అప్పుడన్నా చెప్పాల్సింది. షెడ్డులో నేను కళ్ళారా చూసింది, వాళ్ళు చేతులు ఎలా పెడుతున్నారో. "మా తమ్ముడు" అన్న మాట లేకుండా కూడా చెప్పొచ్చు. ల్యాప్‌టాప్ మూసేశాను. ఏమీ కాలేదు అన్నది నా మాటే కదా, రోజూ ఇక్కడ రాస్తున్నదే. సార్ దాన్నే తిరిగి నా చేతిలో పెట్టాడు.

జనవరి 20

ఏమీ కాలేదు.

జనవరి 21

సార్ కరీంనగర్ పోయాడు. ఆఫీసులో నేనే. మేకు కొట్టడానికి ఎవరినీ అడగక్కర్లేదు, నా చేతిలో పనే. స్క్రీన్ తెరిచాను. సిరిసిల్ల. కావలి. నొక్కితే అయిపోతుంది.

నొక్కాక సార్ అడిగితే ఏం చెప్పాలో ఆలోచిస్తూ కూర్చున్నాను. చాయ్ చల్లారిపోయింది. సార్ వచ్చాక ఇంకోసారి అడిగి చేయడమే పద్ధతి అనిపించింది. మూసేశాను. సాగర్ పైలంగానే ఉన్నాడు.

జనవరి 22

సాగర్ ఫోన్. వెనక సాంచెల మోత లేదు.

"నీకేం గాలే గదా?" అన్నాను, హలో కూడా అనకుండా.

"చిన్నయ్య కాక చెయ్యి..." అన్నాడు. ఏడుస్తున్నాడు. "సాంచె ఆగిందక్కా. ఆగింది గని, దెబ్బ వడ్డంక ఆగింది."

కుడి చెయ్యి. మూడు వేళ్ళు.

"నేను పిడి గుంజుతుంటె కాక దినాం నవ్విండు. 'ఏందిరా, నీకు గింత భయం ఎప్పటిసంది' అన్నడు. నేనేం జెప్పలే. నువ్వు జెప్పద్దన్నవని జెప్పలే." తర్వాత అడిగాడు. "నాకొక్కనికే ఎందుకు జెప్పినవక్కా?"

ఫోన్ పెట్టేశాడు.

కావలిని తెచ్చి సిరిసిల్లలో పెట్టాను. మేకు కొట్టాను. ఎవరినీ అడగలేదు. లోటాడు నీళ్ళు తాగినంతసేపు కూడా పట్టలేదు.

సార్‌కు ఫోన్‌లో అంతా చెప్పాను, సాగర్ సంగతితో సహా. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. "అయ్యో" అన్నాడు చాలాసార్లు. తర్వాత గొంతు తగ్గించాడు. "జాగ మార్చే హక్కు మనకున్నది, అగ్రిమెంట్ల రాసే ఉన్నది. నువ్వు పరేషాన్ గాకు. ఏడ నోరు ఇప్పకు."

జనవరి 23

రాయలేను.

జనవరి 24

సిరిసిల్ల ఆసుపత్రికి వెళ్ళాను. సాగర్ వరండాలో ఉన్నాడు. నన్ను చూసి లేచి వెంట వచ్చాడు.

చిన్నయ్య కాక నిద్రలో ఉన్నాడు. చెయ్యి తెల్లటి కట్టులో దిండు మీద పెట్టి ఉంది. పక్కన ఆయన భార్య ఇంద్రమ్మ. నన్ను ఎప్పుడూ చూడలేదు, అయినా గుర్తుపట్టింది.

"సాగర్ అక్కవు గదా నువ్వు? కూసో బిడ్డా." తను కూర్చున్న స్టూలు నాకు జరిపి, తను మంచం అంచున సర్దుకుంది. "సేటు జెప్పిండు. గా కావలి ఉండబట్టె వేళ్ళతోటి వోయిందట, లేకుంటె చెయ్యి మొత్తం వోవునట. మీరు వెట్టిన మిషినే ఆయనను కాపాడిందట. నీ కడుపు సల్లగుండ బిడ్డా."

నా చెయ్యి పట్టుకుంది. బీడీలు చుట్టీ చుట్టీ గట్టిపడిన వేళ్ళు. గుమ్మం దగ్గర సాగర్ నన్నే చూస్తున్నాడు. ఊఁ అని ఊరుకుంటే సరిపోయేది. బిస్కెట్ ప్యాకెట్టు అక్కడ పెట్టి లేచి రావచ్చు. సార్ చెప్పిందీ అదే.

"అది ఈడ లేదు చిన్నమ్మా," అన్నాను. "ఆ దినం కావలి సిరిసిల్లల లేకుండె. నేనే తీసిన."

"తీసినవా?"

"వేరేదానికి జాగ గావాలని జగిత్యాలల వెట్టిన. గాడికెల్లి సాంచె ఎంటనే ఆగది. నాకు ఎర్కనే."

ఆమెకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నా చెయ్యి వదల్లేదు, పట్టుకున్న సంగతే మరిచిపోయినట్టుంది. మొగుడి కట్టు వైపు చూసింది. తర్వాత గుమ్మంలో సాగర్ వైపు చూసింది, వాడి రెండు చేతుల వైపు.

"నీ తమ్మునికి జెప్పినవా?"

"చెప్పిన. ఫోన్ జేసి చెప్పిన."

సాగర్ తల వంచుకున్నాడు. కాక నిద్రలో మూలిగాడు. ఆమె దుప్పటి సర్ది, ఆయన ఊపిరి కుదుటపడేదాకా చూసి, నా వైపు తిరిగింది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

"గదే ఫోన్ల, కాకకు గూడ జెప్పుర అంటె అయిపోవు గద బిడ్డా."

స్టూలు మీంచి లెమ్మని ఆమె అనలేదు. నేనే లేచాను.